కరెంటు పోయొస్తే కలిసే వై-ఫై: ఒక పాత ఫోన్ రిపేరు డైరీ

బల్ల మీదికి వచ్చింది 2018 మోడల్ ఆండ్రాయిడ్ ఫోన్. అమెరికాలో కొన్నది, అక్కడ కొన్నాళ్లు వాడి విజయవాడ పంపారు. అప్‌డేట్లు ఆండ్రాయిడ్ 9 దగ్గరే ఆగిపోయాయి. సిమ్ లేదు. ఇంట్లో పెద్దావిడ యూట్యూబ్‌లో ప్రవచనాలు చూసుకోవడానికి వాడుతున్నారు. సిమ్ ఎలాగూ లేదు కదా అని ఎప్పుడూ విమానం మోడ్‌లో పెట్టి, వై-ఫై ఒక్కటే ఆన్ చేస్తారు. అలాగైతే ఛార్జింగు ఎక్కువసేపు నిలుస్తుంది. బ్యాటరీ ఉబ్బితే రెండు నెలల కిందట బయట షాపులో మార్పించారు.

ఆ మధ్యే ఇంట్లో ఫైబర్ కనెక్షన్ పెట్టె కూడా మారింది. పాతదాని బదులు వై-ఫై 6 రూటర్ పెట్టారు. హాల్లో టీవీ పక్కన ఉంటుంది. నాలుగు ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ దానికి చక్కగా కలుస్తున్నాయి. కలవనిది ఇదొక్కటే.

ఫిర్యాదు వాళ్ల మాటల్లోనే రాసుకున్నాం: "కరెంటు పోయొస్తే ఒక్కోసారి కలుస్తుంది బాబూ, ఎక్కువసార్లు కలవదు." ఇలాంటి మాట వింటే రిపేరు చేసేవాళ్లకు నవ్వొస్తుంది. రాసి పెట్టుకోవడం మాత్రం మంచిది. చివరికి ఇందులో సగం కేసు ఈ వాక్యంలోనే ఉందని తేలింది.

మొదటి రోజు, సాయంత్రం 6:10

ముందుగా చేయకూడనిది: ఫ్యాక్టరీ రీసెట్. ఎవరిని అడిగినా మొదట చెప్పే వైద్యం అదే. రీసెట్ కొడితే ఫొటోలు పోతాయి, లోపం దొరక్కుండా ఆనవాళ్లూ పోతాయి. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ కొంత నయమే కానీ, అది వై-ఫై పేర్లతో పాటు బ్లూటూత్ జతలనూ తుడిచేస్తుంది. రెండూ ఆఖరికి.

వై-ఫై బటన్ ఆన్ అవుతోందా? అవుతోంది. బటన్ బూడిదరంగులోకి పోయి కదలకపోయినా, ఆన్ చేయగానే దానంతటదే ఆఫ్ అవుతున్నా లోపం చిప్‌లోనో దాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్)లోనో వెతకాలి. 'ఫోన్ గురించి' పేజీలో వై-ఫై మ్యాక్ చిరునామా, అంటే చిప్‌కు ఉండే గుర్తింపు అంకె, చూస్తే సంగతి తెలుస్తుంది. అక్కడ అసలు చిరునామా లేకుండా 'అందుబాటులో లేదు' అనో, 02:00:00:00:00:00 అనో ఉంటే చిప్ పలకడం లేదని అనుమానించాలి. చాలా ఫోన్లలో వై-ఫై, బ్లూటూత్ ఒకే చిప్‌లో ఉంటాయి, అందుకే రెండూ కలిసి పోతుంటాయి. ఇక్కడ చిరునామా సక్రమంగా ఉంది, బ్లూటూత్ కూడా పనిచేస్తోంది. చిప్ మీద అనుమానం కొట్టేశాం.

ఫోన్‌ను రూటర్‌కు 2 మీటర్ల దూరంలో పెట్టాం. ఇంటి వై-ఫై పేరు కనబడుతోంది, గీత మాత్రం ఒక్కటే. పేరు నొక్కితే 'కనెక్ట్ అవుతోంది' అని వస్తుంది. మూడు నాలుగు సెకన్లకు మళ్లీ 'సేవ్ చేయబడింది' దగ్గరికి పోతుంది. పాస్‌వర్డ్ అడగడం లేదు, 'ప్రామాణీకరణ సమస్య' అనడం లేదు.

ఈ తేడా ముఖ్యం. పాస్‌వర్డ్ తప్పైతే ఫోన్ రూటర్ గుమ్మం దాటి లోపలికి వెళ్తుంది. నాలుగు సందేశాల తాళం మార్పిడి జరిగేటప్పుడు ఫోన్ పంపే రెండో సందేశం రూటర్ లెక్కకు సరిపోదు, మూడోది రాదు, గడువు తీరిపోతుంది. అప్పుడు ఫోన్ పాస్‌వర్డ్ తప్పనో, ప్రామాణీకరణ సమస్య అనో చెబుతుంది. ఏమీ చెప్పకుండా వెనక్కి వచ్చేస్తే గుమ్మం దగ్గరే వద్దన్నారని అర్థం. అయినా పాస్‌వర్డ్ ఒకసారి సరిచూశాం. పేరును 'మర్చిపో' కొట్టి, కంటి గుర్తు నొక్కి, అక్షరం అక్షరం కనబడేలా టైప్ చేశాం. కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేయడం, చివర ఖాళీ జాగా చేర్చడం మామూలే. పెట్టె కింది స్టిక్కర్ మీద సున్నాకీ ఓ అక్షరానికీ తేడా కనబడదు. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

తర్వాత హాట్‌స్పాట్ పరీక్ష. ఇంకో ఫోన్లో 2.4 గిగాహెర్ట్జ్ మీద హాట్‌స్పాట్ ఆన్ చేసి పక్కన పెట్టాం. ఈ ఫోన్ వెంటనే కలిసింది, కానీ పేజీలు తెరిస్తే సర్టిఫికెట్ హెచ్చరికలు. తేదీ చూస్తే 2018 జనవరి. బ్యాటరీ మార్చినప్పుడు గడియారం వెనక్కి పోయింది, 'ఆటోమేటిక్ తేదీ' ఆఫ్‌లో ఉంది. దాన్ని ఆన్ చేస్తే నిమిషంలో సర్దుకుంది. కలిసినా 'ఇంటర్నెట్ లేదు' అనే ఫోన్లలో తేదీ చూడటం పది సెకన్ల పని, చాలామంది చూడరు.

రాత్రికి తేల్చుకున్నది: ఫోన్ బాగానే ఉంది, రూటర్ బాగానే ఉంది, రెంటికీ మధ్య పొత్తు కుదరడం లేదు. ఇందులో మొదటి మాట తప్పని అయిదో రోజున తెలిసింది. 2 మీటర్ల దూరంలో ఒకే ఒక గీత అని రాసుకుని కూడా వదిలేశాం.

రెండో రోజు

ఊహలు ఆపి ఫోన్ చెప్పేది వినాలి. 'బిల్డ్ నంబర్' మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఎంపికలు తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్, వై-ఫై వెర్బోస్ లాగింగ్ రెండూ ఆన్ చేశాం. రెండోదాంతో వై-ఫై జాబితాలో ప్రతి పేరు కిందా సిగ్నల్ అంకె, రూటర్ చిరునామా, ఫ్రీక్వెన్సీ కనబడతాయి. గీతలు లెక్కపెట్టే బాధ తప్పుతుంది.

ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి ఏడీబీ లాగ్‌క్యాట్‌లో (ఫోన్ లోపల రాసుకునే చిట్టాను ల్యాప్‌టాప్‌లో చూపే పనిముట్టు) వై-ఫై కలిపే ప్రోగ్రామ్ డబ్ల్యూపీఏ సప్లికెంట్ వరసలు మాత్రం వడకట్టాం. పేరు నొక్కిన ప్రతిసారీ ఒకటే జవాబు: అసోసియేషన్ రిజెక్ట్ (చేర్చుకోను), స్టేటస్ కోడ్ 31.

ఈ కోడ్ చూస్తే ఇక గుచ్చి అడగక్కర్లేదు. 17 వస్తే రూటర్లో ఇక చోటు లేదని. 31 వస్తే మేనేజ్‌మెంట్ ఫ్రేముల (ఫోన్, రూటర్ మధ్య నడిచే నియంత్రణ సందేశాల) రక్షణ విషయంలో పేచీ. దీన్నే పీఎంఎఫ్ అంటారు. వై-ఫైలో 'నువ్వు వెళ్లిపో' అని ఫోన్‌కు చెప్పే ఫ్రేములను వెనకటి రోజుల్లో ఎవరైనా నకిలీగా పంపగలిగేవారు. ఆ ఫ్రేములకు రక్షణ కల్పించేదే పీఎంఎఫ్. 2018లో వచ్చిన కొత్త వై-ఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3లో అది తప్పనిసరి. పాత పద్ధతి డబ్ల్యూపీఏ2లో పెట్టుకుంటే ఉంటుంది, లేకపోతే లేదు.

రూటర్ పేజీ తెరిచాం. ఈ పెట్టెకు 192.168.1.1, కొన్ని కంపెనీల పెట్టెలకు 192.168.29.1 ఉంటుంది. ఫోన్లో గేట్‌వే అని చూపించే అంకె ఏదైతే అదే. రెండు బ్యాండ్లకూ, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలకూ, ఒకే పేరు పెట్టి ఉంది, సెక్యూరిటీ మాత్రం వేర్వేరు. 2.4లో మామూలు డబ్ల్యూపీఏ2. 5 గిగాహెర్ట్జ్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపి, పీఎంఎఫ్ 'తప్పనిసరి'. కలిపి పెట్టిన మోడ్‌లో పీఎంఎఫ్ 'ఐచ్ఛికం' అని ఉండాలి. తప్పనిసరి చేస్తే కలపడంలో అర్థమే లేదు, పీఎంఎఫ్ తెలియని పాత ఫోన్లన్నీ గుమ్మం బయటే నిలబడతాయి. కొత్త ఫోన్లు నాలుగూ పీఎంఎఫ్ తెలిసినవే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

'ఐచ్ఛికం'కు మార్చి భద్రపరిచాం. రూటర్ రేడియో ఆగి మొదలవడానికి అర నిమిషం. ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో కలిసింది, యూట్యూబ్ ఆడింది.

అక్కడితో డైరీ మూసేయొచ్చు. ఫోన్ పట్టుకుని పడకగదిలోకి వెళ్లగానే పేరు జాబితాలోంచి మాయమైంది.

మూడో రోజు

5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో 2.4 కంటే బలహీనం, అది సహజం. కానీ రెండు బ్యాండ్లకూ ఒకే పేరున్నప్పుడు 5 అందకపోతే ఫోన్ 2.4ను పట్టుకోవాలి, పేరు జాబితాలో ఉండాలి. పూర్తిగా మాయం కావడమేమిటి?

ఒకే పేరు ఉన్నంతకాలం ఏ బ్యాండ్ కనబడుతోందో, ఏది వద్దంటోందో తెలియదు. కారణం వెతికేటప్పుడు పేర్లు విడదీయక తప్పదు. 2.4 పేరు చివర '_24' చేర్చాం. ఇంట్లో మిగతా ఫోన్లన్నిటికీ కొత్త పేరు వెంటనే కనబడింది. ఈ ఫోన్‌కు రూటర్ ముందు పెట్టినా కనబడలేదు. చుట్టుపక్కల ఫ్లాట్ల 2.4 పేర్లు కొన్ని కనబడుతున్నాయి కాబట్టి బ్యాండ్ మొత్తం చెవిటిది కాదు.

రూటర్ పేజీలో చానల్ (బ్యాండ్‌లో రూటర్ వాడుకునే భాగం) 'ఆటో', ఆ క్షణాన ఎంచుకున్నది 13.

ఇక సంగతి తెలిసిపోయింది. మన దేశంలో 2.4 బ్యాండ్‌లో 1 నుంచి 13 దాకా చానళ్లు వాడొచ్చు. అమెరికా లెక్కన నడిచే పరికరాలు 11 దగ్గర ఆగుతాయి. ఫోన్ ఏ దేశం లెక్క పాటించాలో సెల్ నెట్‌వర్క్ చెబుతుంది. 404, 405తో మొదలయ్యే మన దేశపు కోడ్ వినబడితే ఇండియా లెక్కకు మారుతుంది. ఈ ఫోన్లో సిమ్ లేదు, పైగా విమానం మోడ్. సెల్ రేడియో చెవులు మూసుకునుంటే ఏ దేశంలో ఉందో ఫోన్‌కు చెప్పేవాళ్లు లేరు, పుట్టినప్పుడు రాసిన అమెరికా కోడే పట్టుకుని కూర్చుంది. ఏడీబీ షెల్ డంప్‌సిస్ వైఫై అనే ఆదేశం కొట్టి, వచ్చిన పురాణంలో కంట్రీ కోడ్ అనే వరస వెతికితే 'యూఎస్' అనే ఉంది.

రుజువు కోసం మన సిమ్ ఒకటి వేసి, విమానం మోడ్ తీసి, వై-ఫై ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశాం. కోడ్ 'ఐఎన్'కు మారింది, '_24' పేరు జాబితాలోకి వచ్చింది. సిమ్ తీసి, విమానం మోడ్ పెట్టి, వై-ఫై మళ్లీ తిప్పితే పేరు పోయింది. రెండుసార్లు చేసి చూశాం, రెండుసార్లూ అంతే.

కరెంటు చిక్కు కూడా ఇక్కడే విడిపోయింది. ఈ రూటర్‌కు బ్యాకప్ లేదు. కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ అది చుట్టూ విని కొత్తగా చానల్ ఎంచుకుంటుంది. 6 పడితే ఈ ఫోన్‌కు కనబడుతుంది, 2.4లో పీఎంఎఫ్ పట్టింపు లేదు కాబట్టి కలుస్తుంది. 13 పడితే 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే కనబడుతుంది, అది గుమ్మం దగ్గరే వద్దంటుంది. పేరు ఒకటే కావడంతో ఇంట్లోవాళ్లకు రెండూ ఒకటే వై-ఫై. పెద్దావిడ చెప్పింది అక్షరాలా నిజం.

ఎక్కువసార్లు 13 ఎందుకు పడింది? చుట్టూ 19 పేర్లున్నాయి, దాదాపు అన్నీ 1, 6, 11 మీద. 13 ఖాళీ అనుకుంది రూటర్. కానీ చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్, 11కూ 13కూ మధ్య దూరం 10 మెగాహెర్ట్జే. 13లో కూర్చున్నా 11లోవాళ్ల గోల సగం నెత్తిన పడుతుంది. ఒకే చానల్‌లో ఉన్నవాళ్లు ఒకరి మాట ఒకరు విని వంతులవారీగా మాట్లాడుకుంటారు. సగం సగం తగులుకున్నవాళ్లకు అది రొద మాత్రమే. అందుకే 2.4లో 1, 6, 11 తప్ప ఇంకేదీ పెట్టొద్దన్నది మా పట్టుదల. పక్కింటివాళ్లు అక్కడే ఉన్నా సరే.

చానల్ 6, వెడల్పు 20 పెట్టాం. 40 పెడితే వేగం రెట్టింపవుతుందని ఆశపడతారు, అపార్ట్‌మెంట్లో అది ఇరుగుపొరుగుతో గొడవే.

నాలుగో రోజు

విమానం మోడ్‌లోనే, అమెరికా కోడ్‌తోనే '_24' కనబడుతోంది. హాల్లో కలిసింది. భోజనాల బల్ల దగ్గర 'ఐపీ చిరునామాను పొందుతోంది' అని అర నిమిషం తిరిగి వదిలేసింది. పడకగదిలో పేరు ఒక్కోసారి కనబడి పోతోంది.

ఐపీ దగ్గర ఆగితే డీహెచ్‌సీపీని, అంటే రూటర్ ఐపీ చిరునామాలు పంచే ఏర్పాటును, అనుమానిస్తారు, మేమూ అదే చేశాం. రూటర్ పంచే చిరునామాలు 192.168.1.2 నుంచి 192.168.1.200 దాకా. వాడుకలో ఉన్నవి 9. కొరత లేదు. పంపకం 20, 30 చిరునామాలకే పరిమితమైన పెట్టెల్లో మాత్రం ఇది నిజమైన కారణం అవుతుంది, ఎందుకంటే ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు వై-ఫైకి మారు మ్యాక్ చూపిస్తున్నాయి. ఫ్యాక్టరీ రీసెట్లు కొట్టి కలిపేవాళ్లింట్లో ఒకే ఫోన్ రెండు మూడు పేర్లతో చిరునామాలు పట్టుకుని కూర్చోవచ్చు. రూటర్లో మ్యాక్ వడపోత పెట్టుకున్నవాళ్లకూ ఈ మారు మ్యాక్‌తోనే చిక్కు. ఇక్కడ వడపోత లేదు, ఫోన్ ఆండ్రాయిడ్ 9 కాబట్టి ఆ గోలా లేదు.

స్టాటిక్ ఐపీ (చేత్తో రాసి పెట్టే స్థిర చిరునామా) పెట్టి చూశాం: 192.168.1.240, గేట్‌వే 192.168.1.1, ప్రిఫిక్స్ పొడవు 24, డీఎన్‌ఎస్ 8.8.8.8. చిరునామా పంపకం పరిధికి బయట ఉండాలి, లేకపోతే రేపు రూటర్ అదే అంకెను ఇంకెవరికో ఇస్తుంది. భోజనాల బల్ల దగ్గర ఈసారి 'కనెక్ట్ అయింది' అని వచ్చింది, పేజీ మాత్రం తెరుచుకోలేదు. ఈ చిట్కాను చాలామంది మందులా చెబుతారు. ఐపీ అడిగే మెట్టును దాటవేయిస్తుంది అంతే, ఆ మెట్టు ఎందుకు విరిగిందో చెప్పదు.

ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కు పింగ్ (జవాబు కోరే చిన్న సందేశాలు) కొట్టాం. హాల్లో 2 మీటర్ల దగ్గర 100కు 9 పోయాయి. భోజనాల బల్ల దగ్గర 100కు 63 పోయాయి. ఇది డీహెచ్‌సీపీ లోపం కాదు, గాలిలో మాట పోతోంది. డీహెచ్‌సీపీలో మొదటి కేక ఫోనే వేయాలి. ఆ కేక రూటర్‌కు వినబడకపోతే ఐపీ ఎక్కణ్నుంచి వస్తుంది? రూటర్ తన పేరును సెకనుకు దాదాపు పదిసార్లు, అతి తక్కువ వేగంతో, తన పూర్తి బలంతో ప్రకటిస్తుంది. అందుకే పేరు కనబడుతుంది. ఫోన్ ప్రసార బలం సాధారణంగా రూటర్ కంటే తక్కువ. రూటర్ మాట ఫోన్‌కు వినబడినంత మాత్రాన ఫోన్ మాట రూటర్‌కు వినబడాలని లేదు. రూటర్ పేజీలో పరికరాల జాబితాలో ఈ ఫోన్ సిగ్నల్ -86 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు ఎంత దూరమైతే అంత బలహీనం).

స్టాటిక్ ఐపీ తీసేశాం.

అయిదో రోజు

మొదటి రోజు చేయాల్సిన పని ఇవాళ చేశాం: ఇంకో ఫోన్ పక్కన పెట్టి అంకెలు పోల్చడం. రెంటినీ ఒకే చోట, ఒకే దిశలో, చేత్తో పట్టుకోకుండా చెక్క బల్ల మీద పెట్టి '_24' సిగ్నల్ చూశాం. హాల్లో పోలిక ఫోన్ -39, మనది -76. భోజనాల బల్ల దగ్గర పోలిక ఫోన్ -48, మనది -85. రెండు చోట్లా తేడా 37 డెసిబెల్.

ప్రతి 10 డెసిబెల్‌కూ బలం పదో వంతవుతుంది. 37 అంటే సుమారు 5,000వ వంతు. -67 దాకా వీడియోకు ఢోకా ఉండదు, -75 దాటితే చికాకులు, -85 దగ్గర పేరు చూసి మురిసిపోవడమే. ఫోన్లు పాతబడితే సిగ్నల్ తగ్గుతుందని కొట్టిపారేయడానికి 37 చాలా పెద్ద అంకె. చోటు మారినా తేడా మారలేదు కాబట్టి గోడలది తప్పు కాదు. యాంటెన్నా తెగిన ఫోన్ ఇలాగే ఉంటుంది.

హాట్‌స్పాట్ పరీక్ష ఎందుకు మోసం చేసిందో ఇప్పుడు తెలుస్తోంది. రెండు ఫోన్లూ జానెడు దూరంలో ఉంటే యాంటెన్నా లేకపోయినా కలుస్తాయి. ఆ పరీక్ష కనీసం 5 మీటర్ల దూరం నుంచి చేయాలి.

విప్పడానికి సామాను: హెయిర్ డ్రయర్, పల్చటి త్రికోణపు ప్లాస్టిక్ బిళ్లలు 3, ప్లాస్టిక్ మొన పుల్ల, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, బీ-7000 జిగురు 15 మి.లీ. ట్యూబు. ఛార్జింగు 25 శాతం కిందికి దించి, ఆఫ్ చేశాం. నిండుగా ఉన్న బ్యాటరీకి బిళ్ల గుచ్చుకుంటే మంట పుట్టే ప్రమాదం ఎక్కువ.

వెనక గాజు అంచుల వెంట మూడు నిమిషాలు వేడి. చేత్తో ముట్టుకుంటే చురుక్కుమనాలి, అంతకు మించొద్దు. కింది మూల నుంచి బిళ్ల దూర్చి నెమ్మదిగా చుట్టూ తిప్పాలి. ఈ ఫోన్లో వేలిముద్ర సెన్సార్ వెనక మూతకే ఉంటుంది, దాని రిబ్బన్ పొట్టిది. పుస్తకంలా తెరవాలి, లాగితే తెగుతుంది. తర్వాత పై భాగంలో ప్లాస్టిక్ కవచానికి స్క్రూలు. కాగితం మీద ఫోన్ బొమ్మ గీసి ఎక్కడి స్క్రూ అక్కడే పెట్టాం, పొడవులు వేరు. పొడవాటిది పొట్టి రంధ్రంలో బిగిస్తే బోర్డు లోపలి పొరలకు చిల్లు పడుతుంది. కవచం తీయగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి.

లోపం కంటికే కనబడింది. బ్యాటరీ పక్క నుంచి పై బోర్డుకు పోయే, యాంటెన్నా సిగ్నల్ మోసే నల్లటి సన్నని కోయాక్స్ తీగ ఉంది కదా, దాని చివరి టోపీ సాకెట్ మీద కూర్చోలేదు, పక్కకు వాలి ఉంది. టోపీ ఆవగింజ కంటే కొంచెం పెద్దది. బ్యాటరీ మార్చేటప్పుడు అడ్డొస్తుందని తీసి, తిరిగి సరిగా నొక్కలేదు. పైన కవచం బిగించడంతో కదలకుండా ఉండిపోయింది, అక్కడక్కడ తగులుతూ.

సాకెట్‌ను భూతద్దంలో చూశాం. మధ్య సూది నిటారుగానే ఉంది, అదృష్టం. అది వంగితే బోర్డు మీద సాకెట్ మార్చాల్సి వచ్చేది, వేడిగాలి యంత్రం పని. రెండు ముఖాలూ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు నిమిషాలు ఆరనిచ్చాం. టోపీని సాకెట్ మీద గుండ్రానికి గుండ్రం సరిగ్గా ఆనేలా తెచ్చి, ప్లాస్టిక్ పుల్ల వెనక వైపుతో నిట్టనిలువుగా నొక్కాలి. 'టిక్' అని చేతికి తెలుస్తుంది. తెలియకపోతే కూర్చోలేదని. బలవంతం చేయొద్దు, జరిపి మళ్లీ చూడాలి. ఇలాంటి కనెక్టర్లు 30 సార్లు తీసి పెట్టడానికి లెక్కేసి చేసినవి, ఆడుకునే వస్తువులు కావు.

మూత అంటించకుండానే బ్యాటరీ కలిపి, కవచం బిగించి ఆన్ చేశాం. హాల్లో -41. భోజనాల బల్ల దగ్గర -50. పడకగదిలో -58. 2.4లో లింకు వేగం 72 మెగాబిట్లు. 20 వెడల్పులో ఒక యాంటెన్నా ఫోన్‌కు అదే గరిష్ఠం. 5లో 433, అదీ నిండు అంకే. పింగ్ పడకగదిలో 100కు 100 వచ్చాయి.

తర్వాతే జిగురు. పాత జిగురు గీకేసి, అంచు వెంట సన్నటి గీతలా బీ-7000 పూసి, మూత పెట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి రాత్రంతా వదిలేశాం. గట్టిపడటానికి 24 గంటలు.

ఆరో రోజు

ఫోన్ బాగైంది కాబట్టి ఇప్పుడు రూటర్ సంగతి. ఒక పాత ఫోన్ కోసం ఇల్లంతటికీ పీఎంఎఫ్ సడలించడం మాకు నచ్చలేదు. ఆండ్రాయిడ్ 9కి భద్రతా ప్యాచ్‌లు ఆగిపోయి చాలా కాలమైంది, దాన్ని ల్యాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌లో కలపకపోవడమే మేలు. గెస్ట్ నెట్‌వర్క్ (మిగతా పరికరాలకు మధ్య గోడ కట్టిన వేరే వై-ఫై) తెరిచాం: 2.4 మీద, డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ గుప్తీకరణ, పీఎంఎఫ్ ఆఫ్. పాత ఫోన్ కదా అని పాతకాలపు గుప్తీకరణ టీకేఐపీ పెట్టే పొరపాటు చేయొద్దు. భద్రత పోతుంది, వేగం కూడా 54 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది. గెస్ట్ పేరు కూడా అదే రేడియో, అదే చానల్ మీద నడుస్తుంది కాబట్టి చానల్ 6 అలాగే ఉండాలి. ప్రధాన నెట్‌వర్క్‌కు రెండు బ్యాండ్ల పేరూ మళ్లీ ఒకటే చేసి, 5లో పీఎంఎఫ్ 'తప్పనిసరి' వెనక్కి పెట్టాం. ఫోన్లో పాత పేరును 'మర్చిపో' కొట్టాం, లేకపోతే దాన్నే పట్టుకు వేలాడుతుంది.

గెస్ట్‌లో ఒక నష్టం ఉంది: ఫోన్ నుంచి టీవీకి వీడియో పంపడం కుదరదు, ఆ గోడ దానికోసమే కట్టింది. ఇంట్లో అడిగితే "ప్రవచనం టీవీలో ఎందుకమ్మా, చెవి దగ్గర పెట్టుకుంటే చాలు" అన్నారు.

ఏడు నుంచి తొమ్మిదో రోజు దాకా

ఐపీ గడువు 24 గంటలు, ఫోన్ సగం గడువులో, అంటే 12 గంటలకు పునరుద్ధరణ అడుగుతుంది. రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ తెగకుండా వచ్చింది. స్క్రీన్ ఆఫ్‌లో రాత్రంతా ఉంచినా పొద్దున్నే కలిసే ఉంది. రూటర్ స్విచ్ అయిదుసార్లు ఆపి వేశాం. పెట్టె లేవడానికి సుమారు 2 నిమిషాల 10 సెకన్లు, ఆ తర్వాత అర నిమిషంలోపు ఫోన్ దానంతటదే కలిసింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం కరెంటు నిజంగానే పోయొచ్చింది, అప్పుడూ అంతే.

కంపెనీవాళ్లు దూరం నుంచి ఫర్మ్‌వేర్ మారిస్తే చానల్ మళ్లీ 'ఆటో'కు పోవచ్చు. రూటర్ కింద కాగితం ముక్క అతికించాం: 2.4 చానల్ 6, వెడల్పు 20, ఆటో వద్దు. గెస్ట్: డబ్ల్యూపీఏ2 ఏఈఎస్, పీఎంఎఫ్ ఆఫ్.